వాము కాలింది, వాన రాలేదు
ఉప్పల్, నాచారం అడ్డాల మీద పల్లె కూలీల ఎండాకాలం

2019 చివర, 2020 మొదట్లో ఆస్ట్రేలియా దేశంలో అడవులు, పొదలు నెలల తరబడి తగలబడ్డాయి. మంటల్లో 33 మంది చనిపోయారు. 3 వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. ప్రపంచమంతా టీవీల్లో చూసి అయ్యో అంది. అనవలసిందే. అక్కడ మంటలు ఆర్పుతూ చనిపోయినవాళ్లలో జీతం భత్యం లేకుండా ఊరి కోసం ముందుకు దూకిన వాలంటీర్లు ఉన్నారు. కష్టజీవులు ఏ దేశంలో ఉన్నా మనవాళ్లే.

మన దగ్గర కూడా ఏటా ఒక అగ్గి కాలం వస్తుంది. మార్చిలో మొదలై మిరుగం దాకా నడుస్తుంది. అది ఒకే పెద్ద మంట కాదు. ఒక ఊళ్లో ఒక గడ్డివాము, పక్క ఊళ్లో రెండు గుడిసెలు, ఇంకో ఊళ్లో కొట్టంతో పాటు కట్టేసిన బర్రె, చెరువు కింద పది తాటిచెట్లు. ఇట్లా చిల్లర చిల్లరగా కాలుతుంది. కాబట్టి జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్తతో సరిపోతుంది. ఆ నాలుగు లైన్ల తర్వాత ఆ కుటుంబం ఎటు పోయిందో ఎవరూ రాయరు. అట్లాంటి వాళ్లలో కొందరు ఉప్పల్ వస్తారు. మేము చూసింది ఇక్కడే, రాస్తున్నదీ వాళ్ల గురించే.

వరంగల్ రోడ్డు పట్నంలో కలిసేది ఉప్పల్ దగ్గర. జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్ దిక్కు నుంచి బస్సెక్కిన మనిషి ఇక్కడ దిగుతాడు. చేతిలో సద్ది గిన్నె, ప్లాస్టిక్ సంచిలో రెండు జతల బట్టలు. మర్నాడు పొద్దున ఐదారింటికల్లా అడ్డా మీద నిలబడతాడు. అక్కడ పిలిచేవాడు లేకపోతే నాచారం దిక్కు నడుస్తాడు. ఫ్యాక్టరీల గోడల వెంట, లారీలు ఆగే చోట లోడింగుకో, మట్టి ఎత్తడానికో మనిషి కావాలంటారేమోనని చూస్తాడు. మేస్త్రీ వచ్చి మనుషుల్ని చూసే తీరు అంగట్లో ఎడ్లను చూసినట్టే ఉంటుంది. భుజం చూస్తాడు, వయసు చూస్తాడు. మగవాళ్లకు ఒక రేటు, ఆడవాళ్లకు ఒక రేటు. పది గంటలు దాటితే ఇక ఆ రోజు లేనట్టే.

ఎండాకాలంలో ఈ అడ్డాలు నిండుతాయి. ఊళ్లో వాన పడితే పలచబడతాయి. వాతావరణ శాఖ బులెటిన్ చదవనక్కర లేదు, అడ్డా మీద తలకాయలు లెక్కపెడితే చాలునని మా సంఘంలో అనుకుంటాం.

ఈ నేల కూడా నిన్నమొన్నటి దాకా పల్లే. ఉప్పల్ భగాయత్ అన్న పేరులోనే ఆ సంగతి ఉంది. బాగాయత్ అంటే నీటి వసతి గల తోట భూమి. మూసీ ఒడ్డున ఉన్న ఆ భూములను సర్కారు సేకరించింది, లేఅవుటు వేసింది, 2019లో గజాల లెక్కన వేలం పెట్టింది. ఉప్పల్ మునిసిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయింది. నాచారం చాలా ముందే పారిశ్రామికవాడ అయింది. భూమి తీసుకునేటప్పుడు నడిచింది 1894 నాటి తెల్లదొరల చట్టం. అందులో పట్టాదారు ఉన్నాడు. ఆ తోటల్లో కలుపు తీసిన కూలికి చోటు లేదు. ఈ మాట ఎందుకు ఎత్తుతున్నామంటే, అగ్గి విషయంలోనూ వాన విషయంలోనూ ఇప్పటికీ లెక్క అట్లాగే నడుస్తున్నది.

ఆలేరు దిక్కు ఒక ఊరి నుంచి వచ్చిన అక్క ఒకామె అడ్డా మీద కలిసింది. భూమి లేదు. ఒక బర్రె ఉండేది, పాలు డెయిరీకి పోసేది. ఆమె చెప్పిన మాటలు ఇవి:

“పక్క మడికి అగ్గి పెట్టిండ్రు. గాలి మళ్లింది. మా వాము అంటుకున్నది, కొట్టం అంటుకున్నది. బర్రె తాడు తెంపుకోలేకపాయె. రెండు దినాలు బతికి సచ్చిపోయింది. ఫైరింజను వచ్చేటాలకు బూడిద మిగిలె. అగ్గి పెట్టినాయన పెద్దమనిషి, ఆయననేమంటం? ఎండకు అంటుకున్నదని చెప్పుకున్నరు.”

పీర్జాదిగూడ, పర్వతాపూర్ దిక్కు మూసీ మురుగునీటితో పారాగడ్డి పెంచి పట్నం డెయిరీలకు అమ్మే పద్ధతి చాలా ఏండ్లుగా ఉంది. ఊళ్లన్నీ ఎండిన మే నెలలో కూడా ఆ గడ్డి పచ్చగా ఉంటుంది. మురుగులో నిలబడి కోసే కూలీల కాళ్లకు దురదలు, పుండ్లు. ఆ గడ్డి మోపులు ఆటోలో పోతుంటే ఈ అక్క చూసి, “ఇంత గడ్డి నా బర్రెకు ఉంటే” అని ఊరుకున్నది.

ఎండకు అంటుకున్నది అనే మాట దగ్గర మనం కొంచెం ఆగాలి. ఎండ గడ్డిని ఎండబెడుతుంది, అంతే. అగ్గి వేరేచోట నుంచి రావాలి. కొన్నిసార్లు వేలాడే కరెంటు తీగలు రాసుకొని రవ్వలు రాలుతాయి. కొన్నిసార్లు ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క. కానీ ఈ పది పదిహేనేండ్లలో ఎక్కువగా వింటున్నది వరి కొయ్యల మంట.

దీని వెనక కూలి కథ ఉంది. పూర్వం వరి కోత కొడవలితో జరిగేది. ముఠాలుగా దిగి నేలకు ఆనించి కోసేవాళ్లం. కట్టలు కట్టి, కొట్టి, గడ్డి వాము వేసేవాళ్లం. కోతల్లో నెల రోజుల తిండి గింజలు ఇంటికి వచ్చేవి, నాలుగు మోపుల గడ్డి కూడా వచ్చేది. ఆ గడ్డితోనే కూలి ఇంట్లో బర్రె బతికేది. తర్వాత కోత మిషను వచ్చింది. ఎకరం గంటలో కోసి పడేస్తుంది. కూలి పోయింది, గింజలు పోయాయి. మిషను కోసిన మడిలో మూరెడు కొయ్యలు, చిందరవందర గడ్డి మిగులుతుంది. దాన్ని కట్టలు కట్టే మిషను వేరే ఉంది, దానికి కిరాయి వేరే. దున్ని కలిపేయాలంటే డీజిలు ఖర్చు. అగ్గిపుల్లకు ఖర్చు లేదు. యాసంగి కోతలు అయ్యాక ఏప్రిల్, మే నెలల్లో, సరిగ్గా గాలి దుమారం లేచే రోజుల్లో, మడికి అగ్గి పెడతారు.

ఇక్కడ రైతును తిట్టి లాభం లేదు. రెండెకరాల రైతుకు అప్పు మీద అప్పు ఉంది, గడ్డి తీయించే పైసలు ఉండవు. కాలిస్తే వానపాములు చస్తాయి, నేల సారం పోతుందని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్తారు. నిజమే. చెప్పి వెళ్లిపోతే ఏమి ఉపయోగం? గడ్డి తీయించడానికి ఉపాధి పనిలో కూలీలను పెడితే రైతుకు మడి దక్కుతుంది, కూలికి కూలి, బర్రెకు గడ్డి దక్కుతాయి. ఈ చిన్న సంగతి మేము ఎన్నో సభల్లో చెప్పాం. పెద్ద ఆసాములైతే అట్లా కాదు, వాళ్లకు మిషన్లున్నాయి, పైసలున్నాయి. అయినా అగ్గిపుల్లే గీస్తారు. గాలి గట్టు దాటితే కాలేది గట్టవతల కూలోడి కొట్టం.

నల్లమలలో అమ్రాబాద్ దిక్కు ఇంకో తీరు. అడవి అంటుకుంటే మొదటి అనుమానం చెంచు మీద. ఆర్పడానికి కొమ్మలు పట్టుకొని ఉరికేది కూడా చెంచే.

ఇక నష్టపరిహారం. కేంద్రం రాష్ట్రాల విపత్తు నిధికి పెట్టిన జాబితాలో అగ్నిప్రమాదం ఉంది. ఇది చాలామంది కూలీలకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. 2022-26 కాలానికి ఖరారైన రేట్ల ప్రకారం గుడిసె కాలితే 8 వేల రూపాయలు. బట్టలు పోతే కుటుంబానికి 2,500, వంట సామాను పోతే 2,500. పాడి బర్రె గాని ఆవు గాని చస్తే 37,500. మేక, గొర్రె అయితే 4 వేలు. 8 వేలకు ఎన్ని రేకులు వస్తాయో ఉప్పల్ షాపుల్లో అడిగితే తెలుస్తుంది. అయినా అది మన హక్కు, వదలకూడదు. ఇక ఆ పట్టికలో గడ్డివాము పేరుతో ఒక పద్దు మాకు కనిపించలేదు. కూలి ఇంట్లో వాము అంటే బ్యాంకు లాంటిది, మరి దానికే లెక్క లేదు. ఆలేరు అక్కకు బర్రె కింద 37,500 రావలసి ఉండె. పశువుల డాక్టరు కాగితం లేదు, పంచనామా లేదు. బర్రెను అదే రోజు పూడ్చిపెట్టారు. ఎవరు చెప్పాలి ఆమెకు?

ఇంతా అయ్యాక వాన కోసం ఎదురుచూపు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మిరుగం. మిరుగం నాడు వాన పడాలి, చేప తినాలి, గింజ పడాలి. అది పెద్దల లెక్క. 2023లో రుతుపవనాలు తెలంగాణకు వచ్చేసరికి జూన్ మూడో వారం దాటింది. 2025లో మే నెల ఆఖరుకే వచ్చేశాయి. ముందొచ్చిన వాన కూడా నమ్మదగింది కాదు. ఒక జల్లు పడగానే పత్తి గింజ పెడతారు, తర్వాత ఇరవై రోజులు మొగులు మొఖం చాటేస్తుంది, గింజ మాడిపోతుంది, మళ్లీ ప్యాకెట్లు కొనాలి. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా నానితేనే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్తూ ఉంటారు. కౌలుదారు అన్ని రోజులు ఆగలేడు, కౌలు పైసలు ముందే కట్టాడు.

ఊళ్లో ఆడవాళ్లు కప్పతల్లి ఆడతారు. రోకలికి గుడ్డ కట్టి, కప్పను పెట్టి, వేపమండలు చుట్టి ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటామె బిందెడు నీళ్లు కప్ప మీద పోస్తుంది. మేము దీన్ని ఎగతాళి చేయం. వాన లేక కడుపు కాలే వాళ్ల ఆట అది. కాకపోతే ఒకటి గమనించాం. కప్ప మీద బిందెడు నీళ్లు పోసే పెద్దింటి దొరసానే, నాట్ల కూలి పది రూపాయలు పెంచమంటే గడప తొక్కనీయదు.

ఈ ఎదురుచూసే రోజుల్లో కూలిని ఊళ్లో నిలబెట్టింది ఉపాధి హామీ. 2005లో చట్టం వచ్చింది, 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఎండాకాలంలో నేల గట్టిపడుతుంది గనుక మన రాష్ట్రంలో కొలతల మీద 20 నుంచి 30 శాతం దాకా వేసవి భత్యం కలిపేవాళ్లు. తర్వాత అది ఆగిపోయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం తెచ్చింది. రోజులు 100 నుంచి 125 చేశామన్నారు. ఖర్చులో 40 శాతం రాష్ట్రాల నెత్తిన పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, విత్తనాల, కోతల కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులు పని ఆపాలని, ఆ రోజులు రాష్ట్రం ముందే ప్రకటించాలని అందులో రాశారు.

కూలీలు, కార్యకర్తలు ఈ మాటను బాగా పట్టుకోవాలి. విత్తనాల కాలమని ఎవరు తేలుస్తారు? క్యాలెండరా, వానా? జూన్, జూలై అని ముందే కాగితం మీద రాసి పని ఆపితే, ఆ ఏడు వాన మూడు వారాలు ఆలస్యమైతే, సర్కారు పని ఉండదు, ఆసామి పనీ ఉండదు. ఆ మూడు వారాలు కూలి ఏమి తినాలి? ఆసామికి మాత్రం ఇబ్బంది లేదు, ఎంత తక్కువిచ్చినా వచ్చే మనిషి దొరుకుతాడు. మిగిలినవాళ్లు ఉప్పల్ బస్సెక్కుతారు. వాన పడని రోజును సేద్యం రోజుగా లెక్కపెట్టొద్దు, మండలంలో విత్తేంత వాన పడ్డాకనే పని ఆపాలి. ఇది మా సంఘం అడుగుతున్నది. గ్రామసభల్లో తీర్మానం చేయించాలి.

పట్నం వచ్చినంత మాత్రాన అగ్గి వదలదు. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము అంటుకొని, పైన నిద్రపోతున్న బీహారు కూలీలు 11 మంది చనిపోయారు. ఉప్పల్, నాచారం ఖాళీ ప్లాట్ల పక్కన కవర్లు కప్పిన గుడిసెలున్నాయి, రేకుల షెడ్లున్నాయి. ప్లాటులో ఎండుగడ్డికి, చెత్తకు ఎవరో నిప్పు పెడతారు, రాత్రంతా పొగ. ఎండ సంగతి సరేసరి. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోతే అందులో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ వాళ్లు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబానికి 4 లక్షలు అన్నది. మంచిదే. కానీ స్లాబు మీద పనిచేసి, సాయంత్రం కిరాయి గదిలో పడుకొని, తెల్లారి లేవని మనిషిని ఊరికి తీసుకుపోయి దహనం చేస్తే వడదెబ్బ అని ఎవరు రాస్తారు? పోస్టుమార్టం కావాలి, డాక్టరు కాగితం కావాలి. దుఃఖంలో ఉన్నోళ్లకు ఇవి గుర్తుచేసే మనిషి పక్కన ఉండాలి.

కాబట్టి ఇప్పుడే కొన్ని పనులున్నాయి. ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసిన, 18 నుంచి 60 ఏండ్ల కూలి ఎవరైనా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. ఊళ్లో ఇల్లుంటే ఏమీ అడ్డం కాదు. అగ్గి అంటుకుంటే 101కు చెప్పాలి, ఫైరు వాళ్ల రిపోర్టు నకలు అడగాలి, తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి పంచనామా చేయించాలి, పశువు చస్తే డాక్టరు చూడకుండా పూడ్చవద్దు. ఈ ఎండాకాలం వాము గాని కొట్టం గాని గుడిసె గాని పోయినవాళ్లు ఊరికి పోయినప్పుడు కాలిన చోటు ఫోటో, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలు తీసుకొని రండి. దరఖాస్తు అడ్డా మీదే కూర్చొని రాద్దాం.