ధూళిని కొలిచే యంత్రము – విద్యుత్ రొద

వానకాలము రాగానే వంటింటి జాడీలోని ఉప్పు చెమ్మగిల్లి ముద్ద కడుతుంది. గాలిలోని తేమను ఉప్పు పీల్చుకొనడమే ఇందుకు కారణము. నెల్లూరు జిల్లాలోని కొడవలూరు వంటి చోట గాలిలో తేలే ధూళిని కొలవదలచిన వారికి మొదటి చిక్కు తెచ్చిపెట్టేది ఈ చిన్న విషయమే. కొడవలూరుకు తూర్పున విడవలూరు. దానిని దాటితే బంగాళాఖాతము. అలలు విరిగినప్పుడు లేచిన తుంపరలు ఎండి, కంటికి కానరాని ఉప్పు రేణువులై గాలితో లోపలికి వస్తాయి. జాతీయ రహదారిపై పోయే లారీల పొగ, కోతల కాలంలో లేచే పొలాల దుమ్ము వాటితో కలుస్తాయి. ఇట్లు గాలిలో తేలుతూ ఉండే సూక్ష్మమైన ఘన, ద్రవ కణాల సముదాయమునే ఏరోసాల్ అంటారు.

ఈ కణాల లెక్క తప్పరాదు. 2009లో ప్రకటించిన భారత ప్రమాణాల ప్రకారము, 2.5 మైక్రాన్లకు మించని కణాలు ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాటరాదు. ప్రమాణాలను అందుకొనలేని నగరాల కొరకు 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమము ఆరంభమైనప్పుడు, ఆ జాబితాలో నెల్లూరు కూడ ఉన్నది. యంత్రము తప్పు చెప్పితే నిర్ణయము కూడ తప్పుతుంది.

గాలిని వేడి చేయడమెందుకు?

కణాలను కొలిచే ఒక సాధనములో గాలి ఒక సన్నని గొట్టము గుండా పోతూ ఉంటుంది. దానికి అడ్డముగా కాంతిపుంజమును పంపుతారు. కణాలు ఆ కాంతిని చెదరగొట్టగా, పక్కనున్న ఫోటో డయోడు దానిని విద్యుత్తుగా మారుస్తుంది. కణాలు పెరిగినకొద్దీ ప్రవాహము పెరుగుతుంది.

గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతము దాటగానే ఉప్పు రేణువు నీటి బొట్టుగా మారుతుంది. ఆర్ద్రత 90 శాతమునకు చేరితే దాని వ్యాసము రెండు రెట్లకు మించుతుంది. అనగా ఘనపరిమాణము ఎనిమిది రెట్లకు పైమాటే. అప్పుడు సాధనము నీటిని కూడ ధూళిగా లెక్కించి మోసపోతుంది. అందుచేత లోపలికి వచ్చే గాలిని వేడి చేస్తారు. 28 డిగ్రీల వద్ద 90 శాతము ఆర్ద్రత గల గాలిని 42 డిగ్రీలకు వేడి చేస్తే, ఆర్ద్రత సుమారు 41 శాతమునకు దిగుతుంది. బొట్లు ఆరి మరల రేణువులవుతాయి.

అయితే వేడి మితిమీరరాదు. అమ్మోనియం నైట్రేటు వంటి పదార్థాలు వేడికి ఆవిరైపోయి లెక్క తగ్గుతుంది. కనుక హీటరు ఉష్ణోగ్రతను గమనిస్తూ మాటిమాటికి వెలుగుతూ, ఆరుతూ ఉండవలసివస్తుంది. రెండవ చిక్కు ఇక్కడ పుడుతుంది.

ఏనుగు పక్కన చీమ

ఫోటో డయోడు ఇచ్చే ప్రవాహము ఒక నానో ఆంపియరు, అనగా ఆంపియరులో వందకోట్లవ వంతు, అనుకొందాము. పది లక్షల ఓముల నిరోధముతో దానిని వోల్టేజిగా మార్చితే ఒక మిల్లీవోల్టు వస్తుంది. పక్కనే ఉన్న హీటరు మాత్రము ఒక ఆంపియరు తీసుకొంటున్నది. ఈ రెండింటి ప్రవాహాలు ఒకే తీగ గుండా తిరిగిపోతున్నాయనుకొందాము. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగితీగకు మీటరు పొడవున నిరోధము సుమారు 0.017 ఓములు. ఓమ్ నియమము ప్రకారము ఆ తీగలో 17 మిల్లీవోల్టుల పతనము కలుగుతుంది. కొలవవలసినది 1, అడ్డు వచ్చినది 17! ఇట్టి అనవసరపు వోల్టేజినే విద్యుత్ రొద అంటారు.

సగటు తీస్తే ఈ రొద పోతుందని భ్రమపడరాదు. హీటరు వెలిగినప్పుడల్లా ఇది ఒకే దిశలో వస్తుంది. తేమ ఎక్కువైన రాత్రులలో హీటరు ఎక్కువసేపు వెలుగుతుంది కాబట్టి, తప్పు కూడ ఆ రాత్రులలోనే పెరుగుతుంది. తేమ మోసమును తప్పించుటకు పెట్టిన హీటరే ఆ మోసమును వేరొక దారిన తెస్తుందన్నమాట.

రొదను తగ్గించే ఉపాయాలు

మొదటిది, హీటరుకు, సాధనమునకు తిరుగు తీగలు వేరువేరుగా ఉంచి, విద్యుత్ సరఫరా వద్ద ఒక్కచోటనే కలపవలెను.

రెండవది, ప్రవాహము మారినప్పుడల్లా హీటరు తీగల చుట్టూ అయస్కాంత క్షేత్రము మారుతుంది. 1831లో ఫారడే చూపినట్లు, అది పక్క తీగలలో వోల్టేజిని ప్రేరేపిస్తుంది. పోయే తీగను, వచ్చే తీగను జడవలె మెలివేస్తే, ఒక మెలికలో పుట్టినదానిని పక్క మెలిక రద్దు చేస్తుంది.

మూడవది, డయోడును, వర్ధకమును లోహపు డబ్బాలో ఉంచి, ఆ డబ్బాను వలయపు భూ బిందువుకు కలిపితే, బయటి విద్యుత్ క్షేత్రము లోనికి చొరబడదు. సరఫరా తీగల మధ్య వర్ధకము పక్కనే ఒక కెపాసిటరును ఉంచితే, అది వీధి కుళాయి తగ్గినప్పుడు ఇంటి తొట్టి ఆదుకొన్నట్లు, వోల్టేజి జారినప్పుడు ఆదుకొంటుంది.

నాలుగవది, హీటరు ఆరి ఉన్న క్షణాలలోనే కొలవవచ్చును. ఇంటి విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు. సరిగా అంత కాలము సగటు తీస్తే, పై సగము, క్రింది సగము ఒకదానినొకటి కొట్టివేసుకొంటాయి.

ఇన్ని చేసినా కొంత రొద మిగులుతుంది. నిరోధములోని ఎలక్ట్రానుల ఉష్ణ చలనమువలన పుట్టే రొదను 1928లో జాన్సన్ కొలువగా, నైక్విస్ట్ దానికి సిద్ధాంతము చెప్పినాడు. పది లక్షల ఓముల నిరోధములో, మామూలు ఉష్ణోగ్రత వద్ద, 10,000 హెర్ట్జుల పట్టీలో అది సుమారు 13 మైక్రోవోల్టులు. పట్టీని 100 హెర్ట్జులకు కుదిస్తే అందులో పదవ వంతే మిగులుతుంది. ఇది క్రమము లేని రొద కనుక సగటుకు లొంగుతుంది. వంద కొలతల సగటులో అది పదవ వంతవుతుంది.

పరీక్షించే పద్ధతి

సాధనము నిజము చెప్పుతున్నదో లేదో తెలుసుకొనుటకు సులభమైన పరీక్ష ఉన్నది. గాలి వచ్చే దారికి సన్నని వడపోత బిగించి, ధూళి లేని గాలిని పంపి, హీటరును వెలిగించి ఆర్పవలెను. సంఖ్య కదలరాదు. మీట నొక్కగానే ఎగిరితే అది విద్యుత్ రొద, తీగలను చూడవలెను. నిమిషాల మీద మెల్లగా జరిగితే డయోడుకు వేడి తగులుతున్నదని గ్రహించవలెను. ఈ పరీక్షలో నెగ్గిన యంత్రము చెప్పిన లెక్కనే కొడవలూరు గాలికి నమ్మకమైన సాక్ష్యముగా తీసుకొనవచ్చును.