ధూసరాశ్వముపై వచ్చిన ఆగంతకుడు

1985లో క్లింట్ ఈస్ట్‌వుడ్ స్వీయదర్శకత్వమున నటించిన ‘పేల్ రైడర్’ చిత్రమున, గని యజమాని అనుచరులు తన కుక్కను చంపగా, మేగన్ అను బాలిక దానిని పాతిపెట్టి దైవమును వేడుకొనును. అంతట ధూసరవర్ణపు గుఱ్ఱముపై మతబోధకు డొకడు వచ్చును. వాని వీపున తుపాకిగుండ్ల మచ్చలు! మనుష్యుడో, ప్రేతమో చిత్రము తేల్చి చెప్పదు.

అమెరికాలో దీనికి ‘ఆర్’ గుర్తు నిచ్చిరి. 17 ఏండ్లలోపువారు తల్లిదండ్రులో సంరక్షకులో వెంటలేనిదే చూడరాదు. ఆ కట్టడి సబబే. అయితే కలవరపెట్టునది ప్రేతము కాదు (తెలుగు బాలురు భేతాళకథలు వినుచు పెరిగినవారే). బంగారుగడ్డ దొరికిన సంతోషమున తప్పద్రాగిన శ్రామికుని, మార్షలును అతని అనుచరులును వినోదముగా కాల్చిచంపు ఘట్టము దుస్సహము. అంతకన్న పెద్ద చిక్కు, బాలిక ప్రార్థనకు ఫలము ప్రతిహింస యగుట. ఆ సంగతి తర్కింపగల పైతరగతుల విద్యార్థులు పెద్దలతో కూడి చూడవచ్చును. చిన్న తరగతులవారికి వలదు.