చిన్న ట్రాక్టరు ఎవరి చేనుకి?

తొలకరి పడితే ఎర్రనేలలో పదును మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. పాత కర్నూలు జిల్లాలోని పత్తికొండ, ప్యాపిలి, డోన్ దిక్కున గానీ, పాత కడప జిల్లాలోని రాయచోటి, లక్కిరెడ్డిపల్లె దిక్కున గానీ వేరుశనగ విత్తే రైతుకి సంవత్సరమంతా ఆ మూడు నాలుగు రోజుల మీదే ఆధారపడి ఉంటుంది. ఆ రోజుల్లో ఊరిలో ఉన్న ట్రాక్టర్లు ముందు ఎవరి చేలల్లో తిరుగుతాయి? ముందు సొంతదారుడి చేను, తర్వాత ఆయన అన్నదమ్ములది, తర్వాత కులంవాళ్ళది, ఆ తర్వాత చేతిలో డబ్బు పెట్టేవాళ్ళది. మాలపల్లె, మాదిగపల్లె చేలకు వచ్చేసరికి నేల ఎండి పెళ్ళలు లేస్తూ ఉంటుంది. 'రేపొస్తాలేరా' అన్న మాటతో పోయిన పదును ఎంతో ఎవరూ లెక్క రాయలేదు.

చిన్న ట్రాక్టర్ల గురించి మాట్లాడాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. కంపెనీల కరపత్రాలలో 'చిన్న రైతుకు చిన్న ట్రాక్టరు' అని ఉంటుంది. మన మనిషి బండి కొనాలనుకునేది చిన్నదైనందుకు కాదు, ఒకరి ఇంటి ముందు నిలబడే పని తప్పుతుందని. ఈ రెండింటికీ తేడా ఉంది.

ముందు సరుకు సంగతి. మన దేశంలో చిన్న ట్రాక్టరు అంటే సుమారుగా 15 నుంచి 30 హార్స్‌పవర్ లోపు బండి. 2022-23లో దేశంలో 9 లక్షలకు పైగా ట్రాక్టర్లు అమ్ముడుపోయాయి. వాటిలో పెద్ద భాగం 41 నుంచి 50 హార్స్‌పవర్ మధ్యవి. చిన్నవాటి వాటా తక్కువే, అయినా కంపెనీల పోటీ అందులో గట్టిగానే ఉంది. బెంగుళూరు వి.ఎస్.టి. కంపెనీ 1967లో జపాన్ మిత్సుబిషితో కలిసి పవర్ టిల్లర్లతో మొదలై, 18.5 హార్స్‌పవర్ మూడు సిలిండర్ల బండి దాకా వచ్చింది. మహీంద్రా వాళ్ళది 15 హార్స్‌పవర్ ఒంటి సిలిండర్ యువరాజ్, ఆ తర్వాత 2017లో జీవో, 2023లో ఓజా. ఓజా బండ్లు తయారయ్యేది మన పక్క తెలంగాణ జహీరాబాదులోనే. జపాన్ కుబోటా 2008లో చెన్నైలో కంపెనీ పెట్టి నారింజ రంగు నియోస్టార్‌ని దింపింది. సోనాలికా, రాజ్‌కోట్ కెప్టెన్, మెస్సీ, ఐషర్, జాన్ డీర్ కూడా ఈ బజారులో ఉన్నాయి.

ఇన్ని రంగులు చూసి పోటీ బాగా ఉందనుకుంటాం. కొంచెం లోపలికి పోతే రంగులు తగ్గుతాయి. పంజాబ్ ట్రాక్టర్స్ 1974లో తెచ్చిన స్వరాజ్ ఒకప్పుడు ప్రభుత్వ పూనికతో, దేశీయ పరిజ్ఞానంతో పుట్టిన బండి. 2007 నుంచి అది మహీంద్రా చేతిలో ఉంది. ఐషర్ ట్రాక్టర్లు 2005లో మెస్సీ తయారు చేసే టాఫే చేతికి పోయాయి. ఫార్మ్‌ట్రాక్, పవర్‌ట్రాక్ తయారుచేసే ఎస్కార్ట్స్ 2022లో ఎస్కార్ట్స్ కుబోటా అయింది. దేశంలో అమ్మే ట్రాక్టర్లలో నూటికి 40కి పైగా మహీంద్రా, స్వరాజ్ కలిపి ఒకే ఇంటివి. అంటే రైతు ఒక షోరూములో బేరం కుదరక ఎదురుగా ఉన్న షోరూముకి పోయినా, ఒక్కోసారి పోయేది అదే ఆసామి ఇంటి ఇంకో వాకిలికే. షోరూముల మధ్య పోటీ ఉండదని కాదు, డీలర్లు కొట్టుకుంటారు. కానీ ధర నిర్ణయించేది డీలరు కాదు.

చిన్న ట్రాక్టరు పుట్టిందెక్కడ? జపాన్‌లో, చిన్న చిన్న వరిమళ్ళలో. అమెరికాలో 'కాంపాక్ట్' బండ్లు ఎక్కువగా పెద్ద పెరడు, గుర్రాల కొట్టం, నాలుగు పండ్ల చెట్లు ఉన్నవాళ్ళు కొంటారు. అక్కడ అది సరదా సేద్యగాళ్ళ బండి. మన దగ్గర దానికి పని దొరికింది తోటల్లో. పులివెందుల చీనీ తోటలు, అరటి తోటలు, కోడూరు మామిడి, బొప్పాయి తోటల్లో చెట్ల వరసల మధ్య పెద్ద బండి తిరగదు, తిరిగితే కొమ్మలు విరుగుతాయి. అక్కడ ఎత్తు తక్కువ, వెడల్పు తక్కువ ఉన్న బండి బాగా పనికొస్తుంది. కానీ ఆ తోటలు ఎవరివి? బోరు వేసి, డ్రిప్పు పరిచి, కాపు వచ్చేదాకా నాలుగైదేళ్ళు ఆగగలిగినవాళ్ళవి. వాళ్ళ షెడ్డులో పెద్ద బండి ముందే ఉంటుంది, చిన్నది రెండో బండి. చిన్న రైతు కోసం అని చెప్పే సరుకుకి హాయిగా డబ్బు కట్టగలిగేది పెద్ద రైతు. ఈ మాట షోరూములో ఎవరూ చెప్పరు.

నల్లరేగడి సంగతి వేరు. కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టూ శనగ వేసే నేలల్లో వేసవి లోదుక్కికి 15, 18 హార్స్‌పవర్ బండి చాలదు. మడక దిగదు, దిగినా ఇంజను రొప్పుతుంది. తడిసిన రేగడిలో రెండు చక్రాల లాగుడు బండి జారుతుంది, నాలుగు చక్రాల లాగుడు కావాలి, దానికి ధర ఎక్కువ. అందుకే నల్లనేల రైతు అప్పయినా చేసి 45 బండే చూస్తాడు. దీన్ని గొప్పకు పోవటం అని కొందరు చదువుకున్నవాళ్ళు రాస్తుంటారు, అది సరికాదు. పెద్ద బండికి ట్రాలీ తగిలిస్తే ఇసుక, ఎరువు, శనగ బస్తాలు, పెళ్ళి సామాను, ఏదో ఒకటి మోసి ఏడాది పొడుగునా బాడుగ తెస్తుంది. చిన్న బండికి ఆ బరువు తగదు. దాని సంపాదన పదును ఉన్న రోజులకే కట్టుబడి ఉంటుంది. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడే మెట్ట ప్రాంతంలో పదును ఉన్న రోజులు ఎన్ని?

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహకే, ఎవరి ఊరి ధర వాళ్ళు పెట్టుకోవచ్చు. మూడెకరాల ఎర్రనేల ఉన్న రైతు 3 లక్షల 40 వేల బండి కొన్నాడు. కల్టివేటరు, చిన్న రోటవేటరు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కలిపి ఇంకో లక్ష. చేతి డబ్బు 1 లక్షా 20 వేలు పెడితే అప్పు 3 లక్షల 20 వేలు. ఐదేళ్ళు, ఆరు నెలలకొక కంతు, నూటికి ఏడాదికి 14 వడ్డీ. మొదటి కంతు అసలు 32 వేలు, వడ్డీ 22,400, మొత్తం 54,400. డీజిలు, డ్రైవరు, రిపేరు పోను గంటకి 300 మిగిలితే, ఆ ఒక్క కంతు కోసం 181 గంటలు బండి బాడుగకు తిరగాలి. సొంత మూడెకరాల పని 15 గంటలు దాటదు. గంటకు 700 చొప్పున బాడుగ బండితో చేయించుకున్నా ఆ పనికి 10,500 అవుతుంది. అంటే ట్రాక్టరు కొన్న రోజునే ఆయన రైతు నుంచి బాడుగ వ్యాపారిగా మారాడు. సబ్సిడీ లక్ష వచ్చి అప్పులో జమ అయితే కంతు 37,400కి, గంటలు 125కి దిగుతాయి. సబ్సిడీకి ఉన్న విలువ అది, తక్కువదేమీ కాదు.

ఇప్పుడు కులం ప్రశ్న. ఆ 125 గంటలు ఎవరి చేలల్లో తిరగాలి? తన పల్లె చేలు చాలవు. ఊరివాళ్ళు పిలవాలి. పిలిచినా బాడుగ ఎప్పుడిస్తారు? రెడ్డి బండికి పంట రాగానే బాడుగ ఇచ్చే మనిషి, మాదిగ బండికి 'ఇస్తాంలే, యాడికి పోతాం' అంటాడు. అడగటానికి ఇంటి ముందుకు పోవాలి, మళ్ళీ అదే వాకిలి. బండి ధర, డీజిలు ధర ఇద్దరికీ ఒకటే. రావలసిన డబ్బు వసూలు చేసుకునే బలం మాత్రం ఒకటి కాదు. ట్రాక్టర్ల మార్కెట్ గురించి రాసేవాళ్ళు ఇంజను, మైలేజి, రీసేల్ విలువ అన్నీ రాస్తారు, ఈ ఒక్కటి ఏ పట్టికలోనూ కనపడదు.

అప్పు సంగతికి వస్తే బ్రాండు ఎవరు ఎంచుతారో తెలుస్తుంది. మనవాళ్ళ చేతిలో ఎక్కువగా ఉండేది డీకేటీ పట్టా భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం అమ్మకాలను ఆపింది కానీ, 6వ సెక్షన్‌లో షెడ్యూల్డ్ బ్యాంకులకు, సహకార సంఘాలకు తనఖా పెట్టుకునే వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు కాగితం మీద ఉంది, మేనేజరు మాత్రం పట్టా చూడగానే పెదవి విరుస్తాడు. వేలం వేసి డబ్బు రాబట్టుకోగలనా అన్నది ఆయన లెక్క. హామీ లేకుండా ఇచ్చే వ్యవసాయ అప్పు పరిమితి 2025 జనవరి 1 నుంచి 2 లక్షలకు పెరిగింది. పైన చెప్పిన బండికి అదీ చాలదు. అప్పుడు మనిషి పోయేది ప్రైవేటు ఫైనాన్సుకి. వాళ్ళకి భూమి కాగితం అంత ముఖ్యం కాదు, బండే హామీ. అందుకే వడ్డీ ఎక్కువ, గుంజుకుపోవటం తొందర. ఏ ఫైనాన్సు ఏ డీలరు టేబులు దగ్గర కూర్చుని ఉంటే ఆ డీలరు బండే మనం కొంటాం. చేతి డబ్బు ఎవరు తక్కువ అడిగితే ఆ రంగు మన ఇంటికొస్తుంది. దీనికి 'కొనుగోలుదారుడి ఎంపిక' అని పేరు.

సబ్సిడీ కూడా ఇలాంటిదే. 2014 నాటి ఉద్యాన మిషన్ మార్గదర్శకాలలో 20 పీటీఓ హార్స్‌పవర్ లోపు ట్రాక్టరుకు ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు, మహిళా రైతులకు 35 శాతం, లక్ష రూపాయలు మించకుండా అని ఉంది. మిగతావారికి 25 శాతం, 75 వేలు. తేడా 25 వేలు. కానీ ఇలాంటి పథకాలలో ముందు బండి కొనాలి, డబ్బు తర్వాత వస్తుంది. ఆ మధ్యకాలపు వడ్డీ భరించలేని మనిషి దగ్గరకు భరించగలిగే పెద్దమనిషి వస్తాడు. పేరు దళితుడిది, సంతకం దళితుడిది, బండి ఇంకొకరి షెడ్డులో. బినామీ మన జిల్లాలకు కొత్త విషయం కాదు. కౌలుకి చేసేవాళ్ళకైతే ఆ పేరు కూడా దక్కదు; 2019 నాటి సాగు హక్కు పత్రాల చట్టం భూమి యజమాని సంతకం అడిగింది. 2022 జూన్‌లో అప్పటి ప్రభుత్వం తెచ్చిన యంత్ర సేవా పథకంలో రైతు గ్రూపులకు 40 శాతం సబ్సిడీ, 50 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం సొంత వాటా పెట్టారు. గ్రూపు అనే ఆలోచన మంచిదే. గ్రూపులో ఎవరున్నారు, తాళం ఎవరి జేబులో ఉంది అని అడగకపోతే గ్రూపు కూడా ఒక షెడ్డే.

దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం 1.08 హెక్టార్లు, షెడ్యూల్డ్ కులాల సగటు కమతం 0.78 హెక్టార్లు. అంటే రెండెకరాలు కూడా నిండవు. ఇంత చిన్న కమతానికి ఎంత చిన్న ట్రాక్టరైనా పెద్దదే.

మరొక విషయం ఇక్కడ దాటవేయకూడదు. కపిల బావుల కాలంలో బాన కుట్టటం, తొండం అతకటం, మడకకు, కాడికి వార్లు కోయటం మాదిగల పని. దానికి కళ్ళంలో మేర వచ్చేది. అది గౌరవమైన బతుకని నేను అనను, వెట్టి అందులో కలిసే ఉంది. కానీ ఆయిలింజను, కరెంటు మోటారు, ట్రాక్టరు వచ్చి ఆ పనిని తీసేసినప్పుడు దాని బదులు ఏమీ ఇవ్వలేదు. జీతగాడి కొడుకు డ్రైవరయ్యాడు, అంతే. ఇప్పుడు చిన్న బండ్లు, కలుపు తీసే పనిముట్లు తోటల్లోకి వస్తుంటే పోయేది ఆడవాళ్ళ కూలి. దళిత స్త్రీ వంగి చేసే ఆ పని పోవాలి, నిజమే. పోయిన కూలికి మారు ఏది అని అడగటం యంత్రాన్ని కాదనటం కాదు.

ఇక కొనాలని నిశ్చయించుకున్నవాళ్ళకు కొన్ని మాటలు. హార్స్‌పవర్ అని పెద్ద అక్షరాలతో రాసేది ఇంజనుది; రోటవేటరును తిప్పేది పీటీఓ శక్తి, అది అంతకంటే తక్కువ. సబ్సిడీ లెక్క కూడా పీటీఓతోనే. మధ్యప్రదేశ్ బుద్నిలో ప్రభుత్వ పరీక్షా సంస్థ ఉంది, మన పక్క అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా దక్షిణ ప్రాంత సంస్థ ఉంది. పరీక్ష నివేదికలో పీటీఓ శక్తి, లాగుడు బలం, డీజిలు ఖర్చు ఉంటాయి. డీలరును ఆ నివేదిక చూపమని అడగండి. ఒక్కరే పోకుండా నలుగురు కలిసి పోయి అడిగితే చూపుతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 3 లక్షల 60 వేలు ఉన్న బండి 3 లక్షల 37,500కి రావాలి. రాకపోతే ఆ 22,500 ఎటుపోయిందో బిల్లులో చూసుకోవాలి. మెకానిక్కు మీ మండలంలో ఉన్నాడా, ఆదోనికో ప్రొద్దుటూరుకో పోవాలా అన్నది బ్రాండు కంటే ముందు కనుక్కోవలసిన సంగతి. పదును రోజుల్లో బండి షెడ్డులో పడితే ఏ బ్రాండైనా ఇనుమే.

కంతు తప్పితే మనుషులను పంపి దౌర్జన్యంగా బండి గుంజుకుపోవటం చెల్లదని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫైనాన్సు ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు తెలుగు ప్రతి అడగండి, ఖాళీ చెక్కులు ఎన్ని ఇచ్చారో నంబర్లతో రాసుకోండి. కట్టిన ప్రతి కంతుకీ రసీదు ఉండాలి, ఏజెంటు చేతికి ఇచ్చిన డబ్బుకి కూడా. ఆఖరి కంతు కట్టిన రోజున అప్పు తీరిందన్న పత్రం, ఫారం 35 తీసుకుని ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చి, సీ-బుక్కులో ఫైనాన్సు పేరు కొట్టేయించుకునే దాకా ఆ బండి కాగితం మీద ఇంకా మనది కాదు.