బందరు పేరు... పక్కూళ్ల చెయ్యి!

కృష్ణా జిల్లా ముఖ్యపట్టణం మచిలీపట్నం. మనందరికీ బందరు. నాలుగొందల ఏళ్ల కిందట పర్షియాలోనూ లండన్‌లోనూ వ్యాపారుల నోళ్లలో నలిగిన పేరు. అయితే ఆ పేరుతో ఓడలెక్కిన సరకులో చాలావరకు చుట్టుపక్కల ఊళ్లదే. అద్దకం, బంగారం, ఆట, చివరికి జెండా కూడా... ఆ ఊళ్లను కలుపుకొని చూస్తే గానీ బందరు కథ పూర్తికాదు.

విజయవాడలో ఎవరినైనా మహాత్మాగాంధీ రోడ్డు ఎక్కడని అడిగి చూడండి. ఓ క్షణం ఆలోచించి ‘ఓ... బందరు రోడ్డా!’ అంటారు. బోర్డుల మీద పేరు మారినా నోటి మీద మారలేదు. ఊళ్లోంచి పారే కాలువ బందరు కాలువ. పుణె నుంచి హైదరాబాదు మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి కూడా బెజవాడ దాటి మరో 70 కిలోమీటర్లు పోయి బందరులోనే ఆగుతుంది. ఆ తర్వాత రోడ్డు వేయడానికి నేల లేదు, సముద్రమే!

అంత పెద్ద బెజవాడ ఉండగా జిల్లా కేంద్రం బందరేమిటి? కృష్ణా జిల్లాలో చదువుకున్న ప్రతి పిల్లాడికీ ఏదో ఒక క్లాసులో ఈ సందేహం వచ్చే ఉంటుంది. రైళ్లన్నీ ఆగేది బెజవాడలో. సినిమాలు, హోల్‌సేల్ వ్యాపారం, పుస్తకాల దుకాణాలు అన్నీ అక్కడే. కలెక్టరుగారికి కూడా బెజవాడలో ఓ క్యాంపు ఆఫీసు ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడి బెజవాడ దానికి కేంద్రమయ్యేదాకా మాత్రం, లెక్క ప్రకారం పెద్దూరికి పెద్ద చిన్నూరే.

జవాబు కావాలంటే వెనక్కి వెళ్లాలి. 1859లో మచిలీపట్నం, గుంటూరు ప్రాంతాలను కలిపి కృష్ణా జిల్లా చేసినప్పుడు దొరలకు కేంద్రంగా మరో ఊరు తోచలేదు. ఆ తర్వాత 1904లో గుంటూరు విడిపోయింది. 1925లో పశ్చిమ గోదావరి వెళ్లిపోయింది. ఎవరి వాటా వాళ్లు పట్టుకుపోయాక కూడా పెద్దన్నలా పాత ఇంట్లో మిగిలింది బందరే.

సముద్రానికి గుమ్మం

బందర్ అంటే పర్షియన్‌లో ఓడరేవు. ఇక మచిలీపట్నం అన్న పేరు చేపల వల్ల వచ్చిందంటారు. కోట గుమ్మానికి చేప కళ్లు అలంకరించారని స్థానికంగా ఓ కథ కూడా చెబుతారు. నిజమో కాదో గానీ, చేపల వాసన తగిలే ఊరికి ఆ కథ బాగానే నప్పింది.

ఈ తీరాన్ని క్రీస్తుశకం తొలినాళ్ల గ్రీకు నావికులు మసాలియా అన్నారు. ఇక్కడ సన్నటి నూలుబట్ట విస్తారంగా దొరుకుతుందని రాసుకున్నారు. అప్పటి రేవుల్లో ఒకటి ఘంటసాల. అవును, అమరగాయకుడి ఇంటిపేరుగా మనకు తెలిసిన ఊరే. అక్కడి బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన శాసనంలో శివకుడనే ‘మహానావికుడి’ ప్రస్తావన ఉంది. ఇప్పుడు వరిచేల మధ్య నిలబడి చూస్తే ఇక్కడ ఓ మహానావికుడు తిరిగాడంటే నమ్మబుద్ధి కాదు. కృష్ణమ్మ మట్టి తెచ్చి పోసింది, సముద్రం దూరం జరిగింది. అలా ఘంటసాల వెనకబడితే బందరు ముందుకొచ్చింది. డెల్టాలో నీళ్లు ఊళ్లకు ఇచ్చే హోదా ఎప్పుడూ శాశ్వతం కాదు!

గోల్కొండ నవాబుల కాలానికి బందరు వాళ్ల ప్రధాన రేవు. 1605లో డచ్చివాళ్లు దిగారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. తూర్పుతీరంలో వాళ్ల మొదటి స్థావరం ఇదే. 1669లో ఫ్రెంచివాళ్లు కూడా చేరారు. ఈ ముగ్గురూ ఇంకా ఊరు వదల్లేదు, ఒకసారి సిటీబస్సులో తిరిగితే చాలు... వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట! హాలండు వాళ్లను మనవాళ్లు వలందులన్నారు, ఫ్రెంచివాళ్లను పరాసులన్నారు. ఫ్రెంచివాళ్ల చిన్న స్థలమైతే 1947 అక్టోబరులో గానీ మన చేతికి రాలేదు. డచ్చివాళ్ల సమాధుల మీద కుటుంబ చిహ్నాలు చెక్కిన రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మద్రాసు పుట్టుకలో కూడా బందరు చెయ్యి ఉంది. 1640లో ఫ్రాన్సిస్ డేతో కలిసి అక్కడ కోట మొదలుపెట్టిన ఆండ్రూ కోగన్, అంతకుముందు బందరు స్థావరానికి పెద్ద.

వీళ్లంతా ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికే వజ్రాల కోసం కొంత. అసలు ఆశ మాత్రం బట్టల మీదే.

కాలువ పారితేనే రంగు

బందరుకు కూతవేటు దూరంలో పెడన. ఊళ్లోకి అడుగుపెడితే మగ్గం చప్పుడుతో పాటు మరో చప్పుడు వినిపిస్తుంది... దబ్, దబ్, దబ్. పొడవాటి బల్ల మీద బట్ట పరిచి, రంగులో ముంచిన చెక్క అచ్చును పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు. మళ్లీ ముంచి, పక్కన మరోటి. రెండు అచ్చుల మధ్య అతుకు కనిపించకూడదు. ఓ చీర నిండాలంటే ఇలా ఎన్ని వందల గుద్దులో!

ఇంతా చేస్తే అది సగం పని కూడా కాదు. ముందు బట్టకున్న గంజి పోయేదాకా ఉతకాలి. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. పాత ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన నీళ్లతో అచ్చేస్తే నలుపు వస్తుంది. కరక్కాయ పట్టిన బట్ట మీద ఇనుము తగలగానే నల్లగా తేలుతుందన్నమాట. ఎరుపు సంగతి ఇంకా చిత్రం. దానికి పటికతో అచ్చు వేస్తారు. వేసినప్పుడు రంగు పెద్దగా కనిపించదు. పారే నీళ్లలో జాడించి, రాగి గంగాళంలో మంజిష్ఠ లాంటి వేళ్లు, జాజి ఆకు వేసి మరగబెడితే అప్పుడు పటిక పడిన చోటల్లా ఎరుపు పుట్టుకొస్తుంది. మిగతాచోట అంటిన రంగును ఎండా నీళ్లూ కలిసి తీసేస్తాయి. అందుకే ఉతికిన బట్టను గట్టు మీద పరిచి, తడుపుతూ ఎండబెడతారు.

అంటే ఈ కళకు కుంచె కన్నా, అచ్చు కన్నా ముందు కావలసింది పారే మంచినీళ్లు. నిలవనీళ్లలో జాడిస్తే ఒకచోటి రంగు మరోచోట అంటుకుంటుంది. ఉప్పునీళ్లు అసలే పనికిరావు. కృష్ణ నీళ్లు కాలువల్లో వచ్చే డెల్టా చివర, సముద్రానికి ఇంత దగ్గర్లో ఈ పని నిలవడానికి కారణం అదే. వేసవిలో కాలువలు కట్టేస్తే అద్దకానికీ ఇబ్బందే.

కలంకారీ అన్న మాట కూడా పర్షియన్ నుంచి వచ్చిందే. కలంతో చేసే పని అని. గోల్కొండ దర్బారుకు ఇరాన్‌తో చుట్టరికం లాంటి స్నేహం. అక్కడి వ్యాపారులు బందరులో కాపురమే పెట్టారు. వాళ్లు అడిగిన తీగలు, దేవదారు చెట్లు, మామిడిపిందెలు మన పనివాళ్ల చేతుల్లో పడి మన నమూనాలైపోయాయి. శ్రీకాళహస్తిలో కలం మిగిలింది, ఇక్కడ టేకు అచ్చు మిగిలింది. ఐరోపాలో ఈ పువ్వుల బట్టకు ఎంత గిరాకీ అంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లోనే నిషేధం పెట్టింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, అది చాలక 1721లో మరో చట్టం తెచ్చింది. ఒక దేశపు పార్లమెంటును రెండుసార్లు కూర్చోబెట్టిన బట్టల్లో మన తీరం బట్ట కూడా ఉందన్నమాట!

అంతటి బట్టకు ఇవాళ పోటీ దొరల మిల్లుతో కాదు. స్క్రీన్ మీద రసాయన రంగులతో కొట్టేసే నకలుతో. అసలుకు రోజులు పడితే దానికి గంటలు చాలు, ధర కూడా తక్కువ. కొట్లో రెండూ ‘కలంకారీ’ పేరుతోనే మడతపెట్టి ఉంటాయి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది నిజమే. కానీ చీర కొనేటప్పుడు ఆ ముద్ర ఉందా అని అడిగే వాళ్లెందరు? అద్దకం పని చేసే ఇళ్లలో పిల్లలు మరో దారి చూసుకుంటున్నారంటే తప్పుపట్టలేం. పనికి తగ్గ కూలి రానప్పుడు కళ అన్న మాట కడుపు నింపదు.

ఆ రాత్రి...

1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోటను లాక్కున్నాడు. గెలిచాడు గానీ రేవు మాత్రం అప్పటికే మేట వేస్తోంది. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే సరకు చిన్న పడవల్లో మోసేవారు. ఆ తర్వాత వచ్చింది 1864 నవంబరు 1. ఆ రాత్రి తుపానుతో పాటు సముద్రం ఊరి మీదికి లేచింది. దాదాపు 30 వేల మంది పోయారు. బందరు ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న పల్లెలు కూడా తుడిచిపెట్టుకుపోయాయి. కోటలోని సైన్యాన్ని మరుసటేడు ఎత్తేశారు. 1866లో మున్సిపాలిటీ వచ్చింది. కోటలో మిగిలిన ఆయుధాగారం గోడలు ఇప్పుడు చెట్ల మధ్య కనిపిస్తాయి.

సముద్రం కొట్టిన దెబ్బ ఒకటైతే, బెజవాడ కొట్టింది మరొకటి. 1855లో అక్కడ కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలువల్లో నీళ్లతో పాటు పడవలూ నడిచాయి. డెల్టా ధాన్యం బందరుకు వస్తుందనుకుంటే, 1893లో కృష్ణ మీద రైలు వంతెన కట్టారు. మద్రాసు, కలకత్తా రైలు బెజవాడ మీదుగా వెళ్లిపోయింది. బందరుకు దక్కింది ఓ కొమ్మదారి, అదీ ఆ తర్వాత చాలా ఏళ్లకు. ఇక రేవుతో పనేముంది? ఊరికి మిగిలినవి కచేరీలు, కోర్టులు, బళ్లు.

ఆ మిగిలిన వాటితోనే బందరు మరో జన్మ ఎత్తింది. 1843లోనే నోబుల్ దొర పెట్టిన బడి కాలేజీ అయింది. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945 దాకా దానికి సంపాదకుడు. కోపల్లె హనుమంతరావు తదితరులు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. ఆ కళాశాలలో పాఠాలు చెప్పిన ఓ పంతులుగారు పక్కనున్న భట్లపెనుమర్రులో పుట్టారు. పత్తి మీద పరిశోధన చేస్తే పత్తి వెంకయ్య, జపనీస్ నేర్చుకుంటే జపాన్ వెంకయ్య, వజ్రాల గురించి చెబితే డైమండ్ వెంకయ్య అన్నారు. ఆ పింగళి వెంకయ్యే 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా అందించారు. 1923 నవంబరులో డాక్టర్ పట్టాభి సీతారామయ్య ఇక్కడే ఆంధ్రాబ్యాంకు ప్రారంభించారు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసేదాకా ఆ పేరు తెలుగువాళ్ల పాస్‌బుక్కుల మీద ఉంది.

తాకట్టుకు పనికిరాని బంగారం

చిలకలపూడి ఒకప్పుడు పక్కూరే, ఇప్పుడు బందరులో కలిసిపోయింది. పాండురంగడి గుడితో పాటు ఆ పేటకు పేరు తెచ్చింది రోల్డ్‌గోల్డ్. రాగి, ఇత్తడి లాంటి లోహంతో నగ చేసి పైన బంగారపు పూత. పెళ్లిలో కాసులపేరు వేసుకోవాలని ఉండి కాసులు లేని ఇంటికి చిలకలపూడి బంగారమే దిక్కు! తెలుగులో అదో సామెతలా మారి, మెరిసేదంతా నిజం కాదని వెక్కిరించడానికి వాడుతుంటారు. ఆ వెక్కిరింత వెనక ఎంత పని ఉందో చూస్తే నవ్వు రాదు. ఒక ఇంట్లో అచ్చు పోస్తే, మరో ఇంట్లో అతుకు పెడతారు. రాళ్లు పొదిగేది ఇంకొకరు. మెరుగు పెట్టేది, పూత వేసేది మరొకరు. ఒక గొలుసు మెడలో పడేముందు ఇలా చాలా గడపలు దాటుతుంది. ఇందులో చాలా పనులు ఆడవాళ్లు ఇంటిదగ్గర కూర్చుని చేసేవే. పోతేపల్లిలో వీళ్ల కోసం ప్రత్యేకంగా జ్యువెలరీ పార్కు కూడా వచ్చింది. బయటి నుంచి వచ్చే మిషను నగల ధరతో మాత్రం రోజూ పోటీయే.

ఇక పశ్చిమాన మొవ్వ, దాని పక్కనే కూచిపూడి. మొవ్వ గోపాలుడి మీద పదాలు కట్టిన క్షేత్రయ్యది ఈ నేలే. కూచిపూడిది బందరుతో ముడిపడిన కథ. గోల్కొండ చివరి నవాబు తానీషా (పాలన 1672-87) బందరు ప్రయాణంలో భాగవతుల ఆట చూసి మెచ్చి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. రేవు లేకపోతే నవాబు ఇటు వచ్చేవాడా అని అడగాలనిపిస్తుంది. ఆ ఆట తర్వాత మద్రాసు చేరింది. వెంపటి చినసత్యం 1963లో అక్కడ అకాడమీ పెట్టాక ప్రపంచమంతా తిరిగింది. ఊళ్లో సిద్ధేంద్రయోగి కళాపీఠంలో పిల్లలు ఇప్పటికీ అడవులు నేర్చుకుంటున్నారు.

దక్షిణాన దివిసీమను తలచుకుంటే 1977 నవంబరు 19 గుర్తుకురాక మానదు. పదివేల మందికి పైగా పోయిన ఆ ఉప్పెన కూడా 1864 నాటిలాగే ఊళ్లను మింగింది. మధ్యలో నూట పదమూడేళ్లు.

బందరులో బందరు సొంతమంటూ ఉన్నది తొక్కుడు లడ్డు అనుకుందామా? అదీ బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలు తెచ్చిన విద్యేనట! శనగపిండి జంతికల్లా నేతిలో వేయించి, రోట్లో దంచి, జల్లించి, పాకం పోసి మళ్లీ దంచాలి. 2017లో దానికీ భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇప్పుడు అందరి చూపూ రేవు మీద. 2008లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. 2019లో మరోసారి. 2023 మే 22న తపసిపూడి దగ్గర ముచ్చటగా మూడోసారి జరిగి, పనులు కదిలాయి. బందరువాళ్లు శంకుస్థాపన అంటే నవ్వడం మానేసి అలల అడ్డుగోడ ఎంతదాకా వచ్చిందని అడుగుతున్నారు. ఆ పక్కనే గిలకలదిండి నుంచి బోట్లు రోజూలాగే వేటకు పోతున్నాయి. పెడనలో కాలువ నీళ్లు వదిలేదెప్పుడా అని గంగాళాలు ఎదురుచూస్తున్నాయి.