తెగిన చెయ్యి అతికాక మొదలయ్యే లెక్క

దేవతా విగ్రహాలకు పేరుపడ్డ ఆళ్లగడ్డలో ఇప్పుడు ఉలి చప్పుడుతో పాటు రాయి కోసే మిషన్ల రొద కూడా వినిపిస్తుంది. నంద్యాల చుట్టుపక్కల ఊళ్లలో వరి నూర్చే మిషన్లు, గడ్డి కోసే మిషన్లు మామూలే. ముంజేతిని క్షణంలో తెంచేసే యంత్రాలివి. చెయ్యి పూర్తిగా ఊడిపోకుండా కాస్త చర్మమో కండరమో పట్టుకుని వేలాడుతుంటే, సగమే కదా తెగింది, కుట్టేస్తే సరిపోతుందనుకుంటాం. లోపలి రక్తనాళాలు తెగితే మాత్రం అది మొత్తం తెగినంత పనే.

రక్తం అందని ముంజేయి మామూలు వేడిలో దాదాపు 6 గంటలే తట్టుకుంటుంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు, అక్కడి నుంచి కర్నూలు మరో 70కి పైనే. హైదరాబాద్ తీసుకెళ్లమంటే దారిలోనే గడువు ముగుస్తుంది. అందుకే వేలాడే చేతిని తెంపకుండా, కదలకుండా కట్టి, రక్తం కారే చోట గట్టిగా అదిమిపట్టాలి. పూర్తిగా ఊడిన భాగాన్నయితే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ను ఐసునీళ్లలో ఉంచాలి. ఐసు నేరుగా తగలకూడదు.

తెగిన చేతిని తిరిగి అతికించవచ్చని 1962లో బోస్టన్‌లో రొనాల్డ్ మాల్ట్ బృందం, 1963లో షాంఘైలో చెన్ ఝోంగ్‌వెయ్ బృందం చూపించాయి. రక్తం పారడం ఆపరేషన్ టేబుల్ మీదే తేలిపోతుంది. నరాల సంగతి అలా కాదు. కుట్టిన నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది. ముంజేతి మధ్య నుంచి వేలి కొస దాకా చేరాలంటే ఏడాది దాకా పట్టవచ్చు. ఈలోగా అరచేతిలోని చిన్న కండరాలు క్షీణించిపోతాయి. బొటనవేలిని మిగతా వేళ్లకు ఎదురుగా తెచ్చి గట్టిగా పట్టించేవి అవే. సుత్తి పిడికిట్లో ఇముడుతుంది కానీ, ఉలి నిలకడగా నిలవదు. స్పర్శ లేని వేళ్లు పొయ్యి మీది గిన్నెకు తగిలి కాలినా తెలియదు. చలికి వేళ్లు సలుపుతాయి. నరాలు, కండరాల తాళ్లు చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుపోయి, వేళ్లు బిగుసుకుపోతాయి.

చెయ్యి దక్కనప్పుడు మోచెయ్యి మిగలడం పెద్ద విషయం. కింద ఎంత ముంజేయి మిగిలితే అరచేతిని తిప్పే కదలిక అంత దక్కుతుంది, కృత్రిమ చెయ్యి అంత బాగా నిలుస్తుంది. తెగిన నరం కొసన న్యూరోమా అనే గడ్డ కట్టి, తాకితే కరెంటు కొట్టినట్టుంటుంది. లేని వేళ్లు మెలి తిరిగి నొప్పి పెడుతున్నట్టు అనిపించడం పిచ్చి కాదు. దాన్ని ఫాంటమ్ నొప్పి అంటారు. మెదడులో ఆ చేతి పటం ఇంకా చెరగలేదన్నమాట. మద్రాసులో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో అద్దంపెట్టె ప్రయోగం చేశారు: మిగిలిన చేతి ప్రతిబింబాన్ని లేని చేతిగా చూపిస్తే కొందరికి ఆ నొప్పి తగ్గింది. మరోపక్క అన్ని పనులూ మీద పడ్డ రెండో చేతి భుజం, మణికట్టు ఏళ్లు గడిచేకొద్దీ అరుగుతాయి.

పనిలో ప్రమాదమైతే పరిహార చట్టం చెయ్యి పోతే సంపాదన శక్తిలో 60 శాతం నష్టంగా, మోచేతి కింద నాలుగున్నర అంగుళాలకన్నా తక్కువ మిగిలితే 70 శాతంగా లెక్కగడుతుంది. ఒక అవయవం శాశ్వతంగా, పూర్తిగా పనికిరాకుండా పోతే, ఒంటికి అంటుకుని ఉన్నా, పోయినట్టే చట్టం చూస్తుంది. అతికింది కదా అని యజమాని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. సదరం వైకల్య ధ్రువీకరణ పత్రానికీ దరఖాస్తు చేసుకోవాలి.

ఆపరేషన్‌కు ఊరంతా కదులుతుంది. ఆ తర్వాత ఫిజియోథెరపీకి వెళ్లిన ప్రతిసారీ కూలిపని పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది. అందుకని రెండో నెలకే మానేస్తే, వేళ్లు బిగుసుకునే కాలం సరిగ్గా అప్పుడే వస్తుంది. వైద్యానికి డబ్బు సర్దుకునేటప్పుడే తర్వాతి ఏడాది ఫిజియోథెరపీ రాకపోకలకు కూడా లెక్క వేసుకోవాలి.