ఖాళీ అద్దాల పెట్టె నేర్పిన పాఠం

పసిబిడ్డల కోసం నలుగురు విద్యార్థుల ప్రయత్నం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను దక్కించుకోవడం ఎంత కష్టమో పల్లెల్లోని పెద్దవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పాత మెత్తని బట్టల్లో చుట్టి, మంచం పక్కన కుంపటి పెట్టి, గాలి చొరకుండా తలుపులు మూసి బిడ్డను కాపాడుకునేవారు. అయినా చలికి తట్టుకోలేక కన్నుమూసిన పసికందులు ఎందరో. ఇలాంటి బిడ్డకు చర్మం కింద తగినంత కొవ్వు ఉండదు. ఒంట్లోని వేడి ఇట్టే పోతుంది. పెద్ద ఆసుపత్రుల్లో ఇందుకోసం ఇంక్యుబేటర్ అనే అద్దాల పెట్టె ఉంటుంది. అందులో పడుకోబెడితే బిడ్డ వెచ్చగా ఉంటుంది. కాని దానికి కరెంటు కావాలి, నడపడం తెలిసినవారు కావాలి, బోలెడు డబ్బు కావాలి.

2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులకు ఈ పెట్టె మీదే ఒక పని అప్పగించారు. దాని ఖరీదు అప్పట్లో సుమారు 20 వేల డాలర్లు. అందులో నూరో వంతుకే దొరికేలా చేయాలన్నది షరతు. జేన్ చెన్, లైనస్ లియాంగ్, రాహుల్ పణిక్కర్, నాగానంద్ మూర్తి ఆ బృందంలోని వారు. ఒకరిది వ్యాపార విద్య, మిగిలినవారిది ఇంజనీరింగు, కంప్యూటరు చదువు. వైద్యం చదివినవారు ఒక్కరూ లేరు.

పెట్టెలు ఉన్నాయి, బిడ్డలు లేరు

ఖరీదైన భాగాలు తీసేసి చవక భాగాలు పెడితే సరిపోతుందని మొదట ఎవరికైనా తోస్తుంది. అయితే లైనస్ లియాంగ్ ముందుగా నేపాల్ వెళ్లి చూశాడు. రాజధాని కఠ్మాండులోని ఆసుపత్రిలో విరాళంగా వచ్చిన ఇంక్యుబేటర్లు ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఖాళీగా పడి ఉన్నాయి.

బిడ్డలు ఏమయ్యారు? అక్కడి డాక్టరు చెప్పిన జవాబుతో విషయం తేటతెల్లమైంది. అవసరమైన బిడ్డలు పుట్టేది దూరాన కొండపల్లెల్లో. వాళ్లలో చాలామంది ఆసుపత్రి గడప తొక్కకముందే చనిపోతున్నారు. అంటే లోటు పెట్టెలది కాదు, దారిలో వెచ్చదనానిది. ఈ సంగతి తెలియకుండా పని మొదలుపెట్టి ఉంటే చవకగా మరికొన్ని ఖాళీ పెట్టెలు తయారయ్యేవి, అంతే.

అప్పుడు వాళ్లు పెట్టె ఆలోచనే మానుకున్నారు. బిడ్డను చుట్టే చిన్న సంచి చేశారు. దాని వెనక మైనం వంటి పదార్థం నింపిన తిత్తి ఉంటుంది. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టడం, వెచ్చచేస్తే కరగడం అందరూ చూసేదే. ఈ పదార్థమూ అంతే. కాకపోతే మనిషి ఒంటి వేడి, అంటే సుమారు 37 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగాక మళ్లీ గడ్డకట్టేదాకా అదే వేడిని నిలకడగా ఇస్తుంది. ఒకసారి వేడిచేస్తే 4 నుంచి 6 గంటలు పనిచేస్తుంది. అస్తమానం కరెంటు అక్కరలేదు. తల్లి బిడ్డను సంచితో సహా ఒళ్లో పెట్టుకోవచ్చు.

అంకె మార్చుకున్న తల్లి

చదువు అయ్యాక వాళ్లు ఈ పనినే పట్టుకుని బెంగుళూరు వచ్చారు. నమూనాను మహారాష్ట్ర పల్లెల్లో తల్లులకు చూపించారు. తిత్తి ఎంత వేడెక్కిందో తెలిపే అంకెల పట్టీ దాని మీద ఉంది. 37 వచ్చేదాకా వేడిచేయాలి.

ఒక తల్లి చెప్పిన మాటకు వాళ్లు నిర్ఘాంతపోయారు. ఇంగ్లీషు మందులు చాలా ఘాటు, డాక్టరు చెంచాడు పోయమంటే అర చెంచాడే పోస్తామని ఆమె అంది. ఇదీ అంతే, 37 అంటే భయంతో 30 దగ్గరే ఆపేస్తానంది. ఆమెది బిడ్డ మీద ప్రేమే. కాని అంత తక్కువ వేడి బిడ్డను కాపాడలేదు. ఆమెను తప్పుపట్టకుండా వాళ్లు సంచినే మార్చారు. అంకెలు తీసేసి, వేడి సరిపోయిందా లేదా అన్నది మాత్రమే తెలిపే గుర్తు పెట్టారు.

కొనేదెవరు?

2011లో ‘ఎంబ్రేస్’ పేరుతో ఈ సంచి మన దేశంలో విడుదలైంది. పేరుకు అర్థం అక్కున చేర్చుకోవడం. అప్పుడు మరో పాఠం ఎదురైంది. సంచి కావలసింది పేదతల్లికి. డబ్బు పెట్టి కొనవలసింది ఆసుపత్రులు, ప్రభుత్వాలు, సేవాసంస్థలు. తల్లికి నచ్చితే చాలదు; డాక్టరుకు నమ్మకం కుదరాలి, పరీక్షల్లో నెగ్గాలి, ఆఫీసుల్లో కాగితాలు కదలాలి. తరగతిలో మొదలైన పని జనంలోకి రావడానికి నాలుగేళ్లు పట్టింది. అయితేనేం, ఆ తరువాత అనేక దేశాల్లో లక్షలాది పసిబిడ్డలకు ఇది ఉపయోగపడిందని సంస్థ చెబుతోంది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. సంచి వచ్చినా తల్లి ఎద వెచ్చదనానికి సాటి లేదు. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో బిడ్డ పుడితే తల్లి గుండెలకు ఆనించి పడుకోబెట్టడం, తల్లిపాలు పట్టడం, ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చూపించడం అవసరం.

చదువుకుంటూనే ఏదైనా తయారుచేసి అమ్మాలనుకునే కుర్రకారు మన ఊళ్లలోనూ ఉన్నారు. కలుపు తీసే పరికరమైనా, పాలు చల్లబరిచే డబ్బా అయినా డబ్బు పెట్టకముందు నలుగురి గుమ్మాలు ఎక్కి అడగడం మంచిది. ఈ కష్టం నిజంగా ఎవరిది? ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు? వాడేదెవరు, డబ్బిచ్చేదెవరు? నమూనా చేతికిచ్చి, మాట్లాడకుండా పక్కన నిలబడి వాళ్లు ఎలా వాడుతున్నారో చూడాలి. అనుకున్నది తప్పని తేలితే నామోషీ పడనక్కరలేదు. ఆ విద్యార్థులు తాము అనుకున్నది వదులుకున్న రోజునే ఆ సంచికి దారి దొరికింది.