కాటీకి పదహారు టేళ్లు

హాంకాంగ్‌లో కౌలూన్ తూర్పు కొసన లే యూ మున్ అనే పాత జాలరి ఊరుంది. సన్నటి సందుకి రెండు పక్కలా నీళ్ల తొట్లు, వాటిలో గ్రూపర్లు, పీతలు, రొయ్యలు. ఆదివారం మధ్యాహ్నం అక్కడికొచ్చే కుటుంబంలో ముందు నడిచేది చాలాసార్లు అమ్మమ్మో నాన్నమ్మో అయ్యుంటుంది. ఆవిడ తొట్టి మీదికి వంగి, ఏ చేప చురుగ్గా ఉందో, దేని కన్ను తేటగా ఉందో చూసి వేలు చూపిస్తుంది. దుకాణదారు దాన్ని పట్టి తక్కెడలో వెయ్యబోతే ఆగమంటుంది. చిల్లుల బుట్టలోంచి నీళ్లన్నీ కారాకే తూకం.

 ఈ కథనం ఆ తూకం రాసిచ్చే చీటీ వెంట నడిచింది.

చేప కొనేది ఒకచోట, వండించుకునేది పక్కనున్న హోటల్లో. చేప ధర ఒక లెక్క, వండినందుకు మరో లెక్క. హోటల్ మెనూలో బతికున్న చేపల పేర్ల ఎదురుగా అంకె ఉండదు. "సీ గా" అని రెండక్షరాలుంటాయి. ఆ రోజు బజారు ధర అని అర్థం. అందుకే కాటీ (అక్కడి తూకం కొలత) ధర ఎంతో ముందే అడిగి ఖాయం చేసుకుంటారు.

చీటీ మీద 1 కాటీ 3 టేళ్లు అని ఉందనుకుందాం. హాంకాంగ్ చట్టం ప్రకారం కాటీ అంటే 604.78982 గ్రాములు. ఐదు దశాంశ స్థానాల దాకా రాసుకున్నారు! అందులో పదహారో వంతు టేల్, దాదాపు 37.8 గ్రాములు. అంటే ఈ చేప బరువు 718 గ్రాములు.

పదహారు అనగానే తెలుగు చెవికి చుట్టరికం తగులుతుంది. 1957లో నయా పైసలొచ్చి అణాలు పోయినా మనకి "పదహారణాల" అనే మాట మిగిలింది. అక్కడ కాటీ తక్కెడ మీదా ఉంది, నాలుక మీదా ఉంది. "బున్ గన్, బాట్ లోంగ్" అంటారు: అర కాటీ, ఎనిమిది టేళ్లు. రెండూ ఒకటే కదా! మనం "దొందూ దొందే" అనే చోట వాళ్లు ఈ మాట వాడతారు. 1976లో మైకేల్ హుయ్ తీసిన హాస్య చిత్రానికి ఇదే పేరు.

సరిహద్దు దాటి షెన్‌జెన్ వెళితే అదే "గన్" 500 గ్రాములు. 1959 నుంచి చైనాలో దానికి టేళ్లు కూడా పదే. అటునుంచి చుట్టపుచూపుగా వచ్చిన మేనత్త, ఇటున్న మేనకోడలు ఒకే మాట అని రెండు బరువులు తలుచుకుంటారు. మూలికల కొట్లలో, ఎండు సరుకుల దగ్గర కాటీకీ టేల్‌కీ మధ్య తేడా జేబు కొట్టేస్తుంది. కాటీ ధర అనుకుని కొన్నాక అది టేల్ ధరని తేలిన కేసుల్లో హాంకాంగ్ కస్టమ్స్ శాఖ కోర్టుకెక్కింది కూడా. "కాటీకా, టేల్‌కా?" అని గట్టిగా అడిగే పెద్దావిడని పిసినారి అనుకోవడం అన్యాయం. ఇంటిల్లిపాది డబ్బుకీ ఆవిడే కాపలా.

ఈ విందు చరిత్ర క్లుప్తంగా: పడవల మీదే పుట్టి పెరిగిన తాంకా జాలర్లు, తుపాను వేళ పడవలు తలదాచుకునే కాజ్‌వే బే రేవు, అక్కడ సాంపాన్లనే చిన్న పడవల్లో వెల్లుల్లి, మిరపకాయలు దండిగా వేసి వేయించిన పీతలు, ఆ వంట ఒడ్డెక్కిన హోటళ్లు. 1976లో మొదలైన జంబో అనే తేలే రెస్టారెంట్ 2020లో మూతపడింది, 2022 జూన్‌లో లాక్కెళుతుండగా దక్షిణ చైనా సముద్రంలో తిరగబడింది.

ఇక బల్ల దగ్గరికి. గుండ్రటి బల్ల, మధ్యలో తిరిగే పళ్లెం. ఉడికించిన రొయ్యలు, వెల్లుల్లీ సేమ్యాలతో స్కాలప్‌లు అయ్యాక చేప వస్తుంది. ముక్కలు చెయ్యకుండా ఎనిమిది, పది నిమిషాలు ఆవిరి మీద ఉంచుతారు. ఊరిన నీచునీళ్లు పారబోసి, సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు పరిచి, పొగలొచ్చే నూనె చుయ్‌మనేలా పోస్తారు. చుట్టూ కాస్త తియ్యటి సోయా రసం. అంతే. చింతపండూ కారమూ లేవు గనక పాత చేప దాక్కోవడానికి చోటు లేదు. నెల్లూరు పులుసు రుచి మరిగిన నాలుకకి మొదటి ముద్ద చప్పగా తగలొచ్చు. రెండో ముద్దకి కండలోని తీపి తెలుస్తుంది. ముల్లుని కండ ఇంకా కాస్త పట్టుకుని ఉంటే వంట కుదిరినట్టు. బుగ్గ దగ్గరి మెత్తటి కండ తీసి పెద్దావిడ గిన్నెలో పెడతారు. ఆవిడ దాన్ని మనవరాలి గిన్నెలోకి మార్చేస్తుంది.

బల్ల చుట్టూ మరికొన్ని

మొదటి టీ: తాగరు. వేడి టీతో గిన్నెలు, చాప్‌స్టిక్‌లు తొలుస్తారు. బిల్లులో తలకింత అని టీ డబ్బులు విడిగా పడతాయి. ఎవరైనా కప్పు నింపితే రెండు వేళ్లతో బల్ల మీద తట్టడమే కృతజ్ఞత.

చేపని తిప్పొద్దు: పై కండ అయ్యాక వెన్నుముల్లు ఎత్తేసి కింది కండ తింటారు. పళ్లెంలో చేప తిరగబడితే సముద్రంలో పడవ తిరగబడుతుందని జాలర్ల నమ్మకం.

నెపోలియన్ చేప: నుదుటి మీద బుడిపె, పచ్చని నీలి ఒళ్లు. విందుల కోసం పట్టీ పట్టీ సంఖ్య పడిపోతే 2004లో అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ అనే వన్యజీవుల వ్యాపార ఒప్పందం కింద నియంత్రణ వచ్చింది. తొట్టిలో అది కనిపిస్తే పిల్లలకి చూపించి, పక్క తొట్టిలో పెంపకపు సబా గ్రూపర్ ఉందేమో అడగండి.